టిమోన్‌కి మన తోటలో ముంగిస ఏమవుద్ది? మీర్‌క్యాట్ల గురించి తెలిసినోళ్ళు రండి

కాలవగట్టు కథలమ్మ (ముక్తేశ్వరం)

నమస్తే అందరికీ. వేసవి సెలవుల్లో మా వీధి పిల్లల్ని సాయంత్రాలు పోగేసి కథలు చెప్తుంటాను, అట్టముక్కలు కత్తిరించి బొమ్మలు చేసి వెనకాల బల్బు పెట్టి తెల్ల పంచె మీద నీడలాట. ఈసారి రామాయణం వద్దంట, టిమోన్ కావాలంట! అదేనండి, లయన్ కింగ్‌లో అడవిపంది పక్కన తిరుగుతూ పురుగులు తినే సన్నపాటి శాల్తీ, మీర్‌క్యాట్ అనే ఆఫ్రికా జంతువు. సరే అదెంత పని అనుకుని మొదలెట్టబోతే ఒక బుడ్డోడు లేచి "టిమోన్‌కి మా కొబ్బరితోటలో ముంగిస ఏమవుద్దండి, పెదనాన్నా మావయ్యా" అనడిగేడు. అంతా నవ్వేరు గానీ ప్రశ్న మంచిదే కదా. సినిమాలో చూపించింది ఎంతవరకు నిజం, అసలు జంతువు ఎలా బతుకుద్ది, దాని మీద ఇంకేం కథలున్నాయి, తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా రాయండి. నెట్‌లో వెతికితే అన్నీ ముద్దుగా నిలబడ్డ ఫొటోలే, నిలబడ్డం తప్ప వాటికి వేరే పనేం లేదా అనిపిస్తోంది.

యానాం బాబ్జీ

అక్కా ముందు ఒక మాట, టిమోన్ మనోడే. 2019లో వచ్చిన తెలుగు డబ్బింగ్‌లో టిమోన్‌కి గొంతిచ్చింది అలీ, అడవిపంది పుంబాకి బ్రహ్మానందం, మళ్ళీ 2024లో ముఫాసా సినిమాకి కూడా వాళ్ళిద్దరే. అలీ పుట్టింది ఎక్కడ? రాజమండ్రిలో. కాబట్టి మీ బుడ్డోడికి చెప్పండి, టిమోన్ గోదావరి నీళ్ళు తాగినోడే అని. ఆయ్.

జువాలజీ మేష్టారు (రాజమండ్రి)

బాబ్జీ చెప్పింది బాగుంది గానీ ఆ బుడ్డోడు అడిగింది వరస కదా, అది చెప్తాను. మీర్‌క్యాట్ ముంగిస కుటుంబమేనమ్మా, అందులో డౌట్ లేదు, శాస్త్రంలో హెర్పెస్టిడే అంటారు. కాబట్టి మావయ్య కాదు, ఇంటిపేరు ఒకటే, పాలివాళ్ళు. కాకపోతే ఎప్పుడో విడిపోయి ఖండాలు పట్టిపోయిన పాలివాళ్ళు. మన బూడిదరంగు ముంగిస ఒంటరిది, పిల్లలతో ఉన్న తల్లి తప్ప గుంపుగా కనపడదు. మీర్‌క్యాట్ గుంపు లేకపోతే బతకదు, ఒక్కో గుంపులో ఇరవై ముప్ఫై దాకా ఉంటాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. బరువు ముప్పావు కిలోకి అటూ ఇటూ, మన ముంగిస దానికి రెట్టింపు దాకా తూగుద్ది.

ఉండేది ఆఫ్రికా దక్షిణ భాగంలో. దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా, నమీబియా, అంగోలాలో నైరుతి మూల. కలహారి ఎడారి పేరు వినే ఉంటారు, అదే వాటి అసలు ఇల్లు. ఇక్కడే సినిమాకి మొదటి దెబ్బ. సింహం పిల్ల సింబా కథ జరిగేది తూర్పు ఆఫ్రికా గడ్డి మైదానాల్లాంటి చోట, టిమోన్ పాడే హకూనా మటాటా స్వాహిలీ మాట, అది మాట్లాడేదీ తూర్పు ఆఫ్రికాలోనే. ఆ చుట్టుపక్కల మీర్‌క్యాట్ అన్నదే లేదు.

కానీ అడవిపందితో స్నేహం మాత్రం మరీ గాల్లోంచి పుట్టింది కాదు. ఉగాండాలో చారల ముంగిసలని ఇంకో రకం ఉన్నాయి, అడవిపంది వచ్చి వాటి ముందు పక్కకి వాలి పడుకుంటే అవి పైకెక్కి ఒంటిమీద గోమార్లు ఏరుకు తింటాయి. పందికి దురద తీరుద్ది, వీటికి తిండి దొరుకుద్ది. అంటే పుంబా పక్కన ఉండాల్సినోడు చారల ముంగిస, ఆ సీటులో మీర్‌క్యాట్ కూర్చుంది.

లంక పిల్ల (పి.గన్నవరం)

అమ్మో మేష్టారూ పంది పక్కకి వాలి పడుకోడం ఊహించుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటున్నా 😂

అక్కా నువ్వు మీర్‌క్యాట్ మేనర్ చూసేవా? యానిమల్ ప్లానెట్‌లో 2005 నుంచి 2008 దాకా నాలుగు సీజన్లు వచ్చింది, నేను ఆలస్యంగా చూసేననుకో. అది డాక్యుమెంటరీ అంటే ఎవరూ నమ్మరు, అచ్చం సీరియలే. విస్కర్స్ అని ఒక కుటుంబం, దానికి పెద్ద ఫ్లవర్, ఆడది. ఆవిడ మాటే శాసనం. కూతుళ్ళు ఎవరైనా కడుపుతో వస్తే గుంపులోంచి గెంటేస్తుంది. ఎదురు గుంపుతో సరిహద్దు గొడవలు, ప్రేమ కోసం అవతల గుంపు దాటొచ్చే మగాళ్ళు. షేక్‌స్పియర్ అనే కుర్రాణ్ణి పాము కరిస్తే వాడు కుంటుకుంటూ పడి ఉంటే మా అమ్మ కూడా పనాపి చూసింది. చివరికి 2007లో ఫ్లవర్‌నే నాగుపాము కాటేసింది, పిల్లలున్న బొరియలో పాము దూరితే వాటికోసం లోపలికెళ్ళి. ఆ ఎపిసోడ్ తర్వాత ప్రపంచమంతా జనం ఏడ్చేరంట, నేనూ ఏడ్చేను, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

కాదంటాడు (నరసాపురం)

అందరూ కన్నీళ్ళు తుడుచుకున్నాక ఇది చదవండి. 2016లో నేచర్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది, స్పెయిన్ వాళ్ళది, వెయ్యికి పైగా పాలిచ్చే జంతువుల్లో సొంత జాతి చేతిలో చచ్చేవి ఎన్ని అని లెక్క కట్టేరు. మొదటి ర్యాంకు పులీ కాదు తోడేలూ కాదు, మీ ముద్దుల మీర్‌క్యాట్. ప్రతి అయిదు చావుల్లో దాదాపు ఒకటి ఇంకో మీర్‌క్యాట్ చేసిన హత్యే. చాలావరకు చంటిపిల్లల్నే. పిల్లలకి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పండి మరి, కథలమ్మగారూ.

లంక పిల్ల (పి.గన్నవరం)

మీకు పొద్దున్నే ఎవరో ఒకరి మూడ్ పాడు చెయ్యకపోతే టిఫిన్ అరగదనుకుంటా

చెరువుల రాజు (ఐ.పోలవరం)

కాదంటాడుగారు చెప్పింది నిజమైతే నిజమే కదండి లంక పిల్లగారూ, కోపం ఎందుకు. నాకో డౌట్ మేష్టారూ. అంత చంపుకునేవి గుంపుగా ఎందుకుంటాయండి, విడిపోవచ్చు కదా, మన ముంగిసలాగ ఒంటరిగా పోయి ఏ గట్టు కిందో బతకొచ్చు కదా.

జువాలజీ మేష్టారు (రాజమండ్రి)

రాజుగారు అడిగిందే అసలు ప్రశ్న.

కలహారిలో మీర్‌క్యాట్ ఏం తింటుందో చూడండి. నేలలో దాక్కున్న పురుగులు, లార్వాలు, తేళ్ళు, చిన్న బల్లులు. అంటే రోజంతా తల ఇసకలో పెట్టి తవ్వుతూ ఉండాలి. తల కిందకి పెట్టినప్పుడు పైన గద్ద, వెనక నక్క కనపడవు. ఒంటరిగా ఉంటే తవ్వాలా, చూడాలా? గుంపులో ఉంటే ఒకటి ఎత్తు మీదకెక్కి చూస్తుంది, మిగతావి తవ్వుకుంటాయి. కాపలా ఉన్నది ఊరికే ఉండదు, సన్నగా ఒక కూత కూస్తూనే ఉంటుంది, నేనున్నాను చూస్తున్నాను అని. ఆ కూత వినపడినంతసేపూ మిగతావి తల ఎత్తకుండా తింటాయి. గద్దకి ఒక అరుపు, నేలమీద వచ్చే శత్రువుకి ఇంకో అరుపు, ఎంత దగ్గరకొచ్చిందో అనేదాన్ని బట్టి గొంతులో తేడా. అరుపు పడిందంటే దగ్గర్లో ఉన్న బొక్కలోకి దూకడమే, అలాంటి బొక్కలు వాటి పొలిమేరలో వందల్లో ఉంటాయి.

కాబట్టి విడిపోతే చావు. ఉంటే పెత్తనం కింద బతకాలి. ఎక్కువ గుంపుల్లో పిల్లల్ని కనే హక్కు దాదాపుగా ఒక్క పెద్దావిడదే, ఏడాదికి మూడు నాలుగు కాన్పులు కూడా అవుతాయి. మిగతా ఆడవి, అంటే ఎక్కువగా ఆవిడ కూతుళ్ళే, పిల్లల్ని కంటే ఆవిడ వాటిని చంపేస్తుంది. తనకి నెలలు నిండే సమయానికి వాటిని తరిమేస్తుంది. తరిమేసినవి బయట తిండి లేక బెదిరి కడుపు పోగొట్టుకుని తిరిగొస్తాయి, వచ్చి అదే తల్లి పిల్లలకి పాలిస్తాయి, కాపలా కాస్తాయి. కింది ఆడది కడుపుతో ఉంటే అదీ ఊరుకోదు, సందు దొరికితే పెద్దావిడ పిల్లల్నే చంపుద్ది. కాదంటాడు చెప్పిన లెక్క ఇక్కడినుంచి వచ్చిందే. పిల్లలు ఎన్ని ఉంటే తవ్విపెట్టాల్సిన నోళ్ళు అన్ని, ఎడారిలో పెంచే చేతులు తక్కువ, అందుకని ఎవరి పిల్లలు పెరగాలన్నదే గొడవంతా.

ఇదంతా ఊహ కాదు. కేంబ్రిడ్జి ప్రొఫెసర్ టిమ్ క్లటన్-బ్రాక్ 1993లో దక్షిణాఫ్రికాలో కురుమాన్ నది పక్కన మొదలెట్టిన పరిశోధన ఇప్పటికీ నడుస్తోంది. టీవీలో ఫ్లవర్ కూడా వాళ్ళు పేరు పెట్టి గమనించిన జంతువే. ఒక్కోదాని ఒంటిమీద రంగు చుక్క పెడతారు, ఉడకబెట్టిన గుడ్డు ముక్క ఆశ చూపి త్రాసు ఎక్కిస్తారు, అలవాటుపడి అవే వచ్చి ఎక్కుతాయి.

చెరువుల రాజు (ఐ.పోలవరం)

ఉడకబెట్టిన గుడ్డుకి త్రాసు ఎక్కుతాయా, మా కుర్రాళ్ళు బిరియానీ పెడతానన్నా పొద్దున్నే మేత వెయ్యడానికి రారు.

మా వైపు గుంపుగా తిరిగేవి అంటే నీటికుక్కలండి. కోరింగ మడ అడవుల్లోంచి పాయలెంబడి వస్తాయి, తెల్లారగట్ల చెరువు గట్టు మీద అయిదారు ఒక్కసారి లేచి నిలబడి మనవైపు చూస్తాయి, మెడలన్నీ ఒకేలాగ తిప్పుతూ. ఒకటి కూత పెట్టిందా, అన్నీ నీళ్ళలో. చేపలు తినేస్తాయని తిట్టుకునే మాట వాస్తవమే గానీ అలా నిలబడి చూస్తుంటే టార్చిలైటు వెయ్యబుద్ధి కాదు. మీ పిల్లలకి మీర్‌క్యాట్ ఎలా నిలబడుద్దో చూపించాలంటే ఆఫ్రికా అక్కర్లేదు అమ్మా, ఒకసారి కోరింగ తీసుకెళ్ళండి.

తాతగారి అరుగు (పెనుగొండ)

మీ సంభాషణ చదువుతున్నాను. ముంగిస కథలు మనకేం తక్కువ తల్లీ. పంచతంత్రంలోది అందరికీ తెలుసు, ఉయ్యాల్లో బిడ్డని పాము బారినుంచి కాపాడి మూతికి నెత్తురుతో ఎదురొస్తే బిడ్డనే చంపిందనుకుని యజమానులు దాన్ని చంపేసిన కథ. భారతంలోది తక్కువమంది చెప్తారు. ధర్మరాజు అశ్వమేధం అయ్యాక సగం ఒళ్ళు బంగారంగా ఉన్న ముంగిస ఒకటి యజ్ఞశాలకొస్తుంది. వచ్చి అక్కడ నేలమీద దొర్లుతుంది. దొర్లి దొర్లి లేచి ఇదేం యజ్ఞమయ్యా, సక్తుప్రస్థుడు పెట్టిన పేలపిండికి సాటి రాదు అంటుంది. కరువులో ఆయనా భార్యా కొడుకూ కోడలూ తమ వంతు పిండి అతిథికి పెట్టేస్తే ఆ రాలిన పిండిలో దొర్లి దీనికి సగం ఒళ్ళు బంగారమైంది, మిగతా సగం కోసం యజ్ఞాలన్నీ తిరుగుతోంది.

నేను గమనించిందేమిటంటే మన కథల్లో ముంగిసకి నవ్వించే వేషం ఇవ్వలేదు. ఒకచోట బలి, ఒకచోట సాక్షి. రాజుని పట్టుకుని నిలదీసే ధైర్యం దానికిచ్చారు. పడమటివాళ్ళు మీర్‌క్యాట్‌కి జోకర్ వేషం ఇచ్చారు.

యానాం బాబ్జీ

తాతగారూ ఆ బంగారం ముంగిస కథ నేను మొదటిసారి వింటున్నా, సూపర్.

జోకర్ కాని మీర్‌క్యాట్ కూడా ఒకటుందండి, లైఫ్ ఆఫ్ పై. 2001 నవల, 2012లో సినిమా. అందులో పై పటేల్ మా పాండిచ్చేరి కుర్రాడు (యానాం కూడా పాండిచ్చేరే కదా, కాబట్టి అతను మాకు లోకలే, టిమోన్ మీకు, పై మాకు). పడవలో పులితో కొట్టుకుపోతూ సముద్రం మధ్యలో ఒక దీవి చేరతాడు, ఆ దీవినిండా వేలకి వేలు మీర్‌క్యాట్లు, మనిషిని చూసి భయపడవు, పులి వచ్చి తింటున్నా పారిపోవు. రాత్రయితే నీటిగుంటలు యాసిడ్‌గా మారిపోతాయి, అందుకని అన్నీ చెట్లెక్కి పడుకుంటాయి. చూస్తుంటే అందంగానే ఉంటది, కానీ ఎక్కడో వెన్నులో జలదరింపు.

కాదంటాడు (నరసాపురం)

మేష్టారు ఇందాక రాసింది చదివితే తెలుస్తోంది ఆ రచయిత ఏం చేసేడో. అసలు మీర్‌క్యాట్ అంటే కాపలా, అరుపు, బొరియ. ఈ మూడూ తీసేసి, చెట్టెక్కించి, భయం లేకుండా చేసి పెట్టేడు. ఎడారి జంతువుని తెచ్చి సముద్రం మధ్యలో పడేసేడు. అక్కడ ఏదో తేడాగా ఉందని మనకి అనిపించేది అందుకే. ఇది తప్పు అనను, తెలిసి చేసిన పని. లయన్ కింగ్‌లో చేసింది అది కాదు, ముఖం బాగుందని తెచ్చి పెట్టుకున్నారు అంతే.

లంక పిల్ల (పి.గన్నవరం)

అబ్బో కాదంటాడుగారు ఒకదాన్ని ఔనన్నారు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా

థేమ్స్ గట్టు తాపేశ్వరం (లండన్)

ఇక్కడ మీర్‌క్యాట్ అంటే సినిమా కాదండి, ఇన్సూరెన్స్. 2009 నుంచి ఒక పాలసీలు పోల్చే వెబ్‌సైట్ యాడ్స్‌లో రష్యన్ యాసలో మాట్లాడే అలెగ్జాండర్ ఓర్లోవ్ అని ఒక మీర్‌క్యాట్, మెడకి స్కార్ఫు, వెల్వెట్ కోటు, పెద్ద బంగళా. కార్ ఇన్సూరెన్స్ తీసుకుంటే బొమ్మ ఫ్రీ అన్నారు, మా పిల్లదాని కోసం బొమ్మని బట్టి పాలసీ తీసుకున్న రోజులున్నాయి, రేటు చూళ్ళేదు. అసలు ఈ దేశంలో వీటి పిచ్చి టిమోన్ కంటే ముందే పట్టింది, 1987లో బీబీసీలో జంతువుల డాక్యుమెంటరీల అటెన్‌బరో గొంతుతో మీర్‌క్యాట్స్ యునైటెడ్ అని వచ్చింది, పెద్దవాళ్ళు ఇప్పటికీ దాని గురించి చెప్తారు.

యాడ్ పాపులర్ అయ్యాక జనం నిజంగానే కొని ఇంట్లో పెంచుకోడం మొదలెట్టేరు. జంతు సంక్షేమ సంఘాలోళ్ళు వద్దు బాబోయ్ అని మొత్తుకున్నారు.

రిసార్ట్ రాంబాబు (దిండి)

నేను సరిగ్గా అదే అడుగుదామని వచ్చేనండి. మా గెస్ట్‌హౌస్‌లో పిల్లలొస్తారు, ఒక జత తెప్పిస్తే సెల్ఫీలకి బాగుంటదని ఆలోచన. బావమరిది ఫోన్లో ఎవడో అమ్ముతున్నట్టు వీడియో చూపించేడు. మెయింటెనెన్స్ ఎంతవుద్ది?

జువాలజీ మేష్టారు (రాజమండ్రి)

రాంబాబుగారూ, వద్దు. జత అనేది మీర్‌క్యాట్‌కి కుటుంబమే కాదు. పొద్దున్న బొరియలోంచి బయటికొచ్చి పొట్ట ఎండకి పెట్టి నిలబడతాయి, పొట్టమీద బొచ్చు పల్చన, కింద చర్మం నలుపు, ఎండకి తొందరగా వేడెక్కుద్ది. అది ఎడారి చలిరాత్రి తర్వాత చేసే పని. మీ దిండిలో ఆ ఉక్కపోతలో, ఆ తడినేలలో బొరియ తవ్వితే రెండడుగుల్లో నీళ్ళు. తవ్వడానికి లేకపోతే సోఫాలు తవ్వుతాయి, గుంపు లేకపోతే దిగులు పడతాయి, పెద్దయ్యాక కొరుకుతాయి. మీ గెస్టుల పిల్లల వేళ్ళే ముందు.

ఇంకోటి, ఆ అమ్మేవాడు పొరపాటున మన ముంగిసనే పట్టి పంపిస్తే ఇంకా పెద్ద తలనొప్పి. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టినా పెంచినా నేరం. పెయింటింగ్ బ్రష్షుల కోసం వాటి వెంట్రుకలు అమ్మి కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళున్నారు.

చెరువుల రాజు (ఐ.పోలవరం)

రాంబాబుగారూ నీటికుక్కలు ఫ్రీగా వస్తాయి మీ రేవుకి. సాయంత్రం లైట్లు కొంచెం తగ్గించండి చాలు.

కాలవగట్టు కథలమ్మ (ముక్తేశ్వరం)

ఇంత రాస్తారనుకోలేదండి, అందరికీ థాంక్స్. అయితే ఇప్పుడు నాకు ఇబ్బంది ఎక్కువైంది. నిజం చెప్తే పిల్లల్ని చంపే తల్లి, అబద్ధం చెప్తే పురుగులు తింటూ పాటలు పాడే టిమోన్. మా పిల్లల్లో ఆరేళ్ళవాళ్ళున్నారు, పన్నెండేళ్ళవాళ్ళున్నారు. కాపలా కాసే మీర్‌క్యాట్ ఒకటి గుంపు కోసం ప్రాణమిచ్చినట్టు రాద్దామా అనుకుంటున్నా, అది నిజానికి దగ్గరే కదా?

కాదంటాడు (నరసాపురం)

దగ్గర కాదు. 1999లో క్లటన్-బ్రాక్ వాళ్ళే తేల్చేరు, కాపలాకి వంతులేం లేవు, త్యాగమూ లేదు. కడుపు నిండినది ఎక్కుద్ది, ఆకలేస్తే దిగిపోద్ది. గుడ్డు పెట్టి కడుపు నింపితే ఆ రోజు ఎక్కువసేపు కాపలా కాసిందంట. పైగా కాపలా ఉన్నదే గద్దని ముందు చూస్తది, బొక్క దగ్గర్లోనే ఉంటది కాబట్టి ముందు దూరేదీ అదే.

తాతగారి అరుగు (పెనుగొండ)

ఇది విని నాకు బాధేం కలగలేదు నాయనా. కడుపు నిండినవాడు కాపలా కాయడం, ఆకలిగా ఉన్నవాడు తినడం, ఇంతకంటే సబబైన ఏర్పాటు ఏ ఊళ్ళో ఉంది? కథకి ప్రాణత్యాగమే కావాలని ఎవరన్నారు. ఇలాగే చెప్పు తల్లీ, పిల్లలకి త్యాగం కంటే ఇదే బాగా అర్థమవుద్ది.

లంక పిల్ల (పి.గన్నవరం)

తాతగారూ 🙏🙏

అక్కా నీకు కథ కావాలంటే దొంగ పిట్ట కథ చెప్పు. మన గేదెల మీద ఎక్కి కూర్చుంటది చూడు పసలపోలిగాడు, నల్లగా చీలిన తోక, దాని అన్నలాంటి పిట్ట కలహారిలో ఉంది. అది మీర్‌క్యాట్ల వెనకాలే తిరుగుద్ది. గద్ద వస్తే నిజంగానే అరిచి చెప్తది, అవి నమ్మి దూకి దాక్కుంటాయి. అలా నమ్మకం కుదిరేక, ఒక మీర్‌క్యాట్ బాగా బలిసిన లార్వా ఏదో తవ్వి బయటికి తీసిందనుకో, గద్ద లేకుండానే అరుపు పెడుద్ది! అన్నీ తిండి వదిలేసి పరుగో పరుగు, ఇది దిగొచ్చి తీసుకుపోద్ది. రెండు మూడు సార్లకి వాటికి అనుమానం వచ్చి కదలకపోతే గొంతు మార్చేస్తది, మీర్‌క్యాట్ అరుపునే మిమిక్రీ చేస్తది, లేకపోతే ఇంకో పిట్టది. రోజు తిండిలో పావు వంతు దాకా ఇలా కొట్టేసిందేనంట, 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. నాన్న పులి కథకి ఇది బాబులాంటిది, ఎందుకంటే ఇక్కడ పిల్లోడు ప్రతిసారీ గెలుస్తాడు.

యానాం బాబ్జీ

ఇది హిట్టు. పసలపోలిగాడికి మిమిక్రీ ఆర్టిస్టు వేషం. ఇంటర్వెల్ ముందు పడాలి.

జువాలజీ మేష్టారు (రాజమండ్రి)

పిట్ట కథ మంచి ఎంపిక. దానితోపాటు తేలు పాఠం పెట్టమ్మా, జంతువుల్లో పాఠం చెప్పడం అనేదానికి ఇంత చక్కటి రుజువు దొరికినవి తక్కువ. 2006లో వచ్చిన పరిశోధన.

పిల్ల మీర్‌క్యాట్లకి తేలు చంపడం పుట్టుకతో రాదు. కలహారి తేళ్ళలో మనిషిని చంపగలిగేవున్నాయి. అందుకని పెద్దవి ఏం చేస్తాయంటే, మరీ పసివాటికి చచ్చిన తేలు తెచ్చిస్తాయి. కొంచెం ఎదిగేక, బతికున్న తేలే, కానీ తోక కొస కొండి కొరికి తీసేసి ఇస్తాయి. పిల్ల దానిమీద పంజా వేస్తుంది, తేలు పట్టుకారుతో మూతి పట్టుకుంటుంది, పిల్ల కెవ్వుమని వెనక్కి ఎగురుద్ది, తేలు పారిపోబోద్ది. పెద్దది అక్కడే కూర్చుని చూస్తూ ఉంటుంది. తేలు దూరంగా పోతే వెళ్ళి పట్టుకొచ్చి మళ్ళీ పిల్ల ముందు పడేస్తుంది, పిల్ల భయపడి ఊరుకుంటే ముక్కుతో దాని వైపు నెడుద్ది. కానీ తను చంపి పెట్టదు. ఇంకా ఎదిగేక కొండితో సహా ఇచ్చేస్తాయి, ఇక నీ తిప్పలు నువ్వు పడు అని.

పిల్ల ఎంత ఎదిగిందో పెద్దదానికి ఎలా తెలుస్తుంది? ఆకలి అరుపుని బట్టి. పరిశోధకులు పసిపిల్లలున్న గుంపు దగ్గర స్పీకర్‌లో పెద్దపిల్లల అరుపు వేసేరు, అంతే, పెద్దవి పసివాటికి బతికున్న తేళ్ళు మొయ్యడం మొదలెట్టేయి. అంటే ఎదురుగా ఉన్న పిల్లని చూసి ఆలోచించడం లేదు, గొంతు విని చేస్తున్నాయి. అయినా పాఠం పాఠమే. ఇందులో పాఠం చెప్పేది తల్లే కానక్కర్లేదు, అన్నలూ అక్కలూ బాబాయిలూ అందరూ చెప్తారు.

చెరువుల రాజు (ఐ.పోలవరం)

మేష్టారూ మరి తేలు విషం తట్టుకునేవి ఫ్లవర్‌ని పాము ఎలా చంపింది? మా తాతయ్య అనేవాడు ముంగిస పాముతో కొట్లాడి వెంటనే ఏదో ఆకు తిని వస్తుందని, అందుకే ఏమీ కాదని.

జువాలజీ మేష్టారు (రాజమండ్రి)

ఆకు కథ ఊరూరా ఉందండి, కానీ ఆకేం లేదు. మన ముంగిస కండరాల దగ్గర తాచు విషం తగులుకోవాల్సిన చోటు ఆకారం వేరుగా ఉంటుంది, విషం సరిగ్గా అతుక్కోదు. అదీ కాక ఒళ్ళంతా రోమాలు నిక్కబొడుచుకుని రెండింతలు కనిపిస్తుంది, పాము వేసిన కాటు సగం వెంట్రుకల్లోకే పోద్ది. మొత్తానికి కాటు ఎక్కువైతే అదీ చస్తుంది. మీర్‌క్యాట్‌కి తేలు దగ్గర ధీమా ఉంది, పెద్ద పాము దగ్గర లేదు. అందుకే గుంపంతా కలిసి తోకలు పైకెత్తి గుర్రుమంటూ పాముని చుట్టుముట్టి తోలేస్తాయి, ఇరుకు బొరియలో ఒక్కటే ఎదురుపడితే ఆ సదుపాయం ఉండదు కదా.

కాలవగట్టు కథలమ్మ (ముక్తేశ్వరం)

సరే ఇలా అనుకుంటున్నా చూడండి. పేరు టిమోన్ తీసేస్తున్నా, మన పిల్ల ఒకత్తి, తేలంటే భయం. మొదట గుంపు, పొద్దున్నే ఎండకి నిలబడ్డం, కడుపు నిండినది కాపలా ఎక్కడం. తర్వాత పసలపోలిగాడు దొంగతనం. తర్వాత అమ్మ అక్కని తరిమేస్తుంది, అక్క తిరిగొస్తుంది, ఎందుకు తరిమిందో ఒక్క ముక్కలో చెప్తా, చంపడం చిన్నవాళ్ళ ముందు చెప్పను, పెద్దపిల్లలు అడిగితే ఆట అయ్యాక చెప్తాను. ఆ తరిమేసిన అక్కే వచ్చి ఈ పిల్లకి తేలు నేర్పుద్ది. అక్కడే ఆపేస్తా. తేలు బొమ్మకి కొండి విడిగా చేసి టిచ్ బటన్‌తో తగిలిస్తున్నా, పిల్లలే వచ్చి పీకొచ్చు.

కాదంటాడు (నరసాపురం)

తరిమేసిన అక్కే నేర్పడం బాగుంది. ఒప్పుకుంటున్నా. కానీ ఆ అక్క నవ్వుతూ నేర్పకూడదు.

యానాం బాబ్జీ

కాదంటాడుగారు డైరెక్షన్ డిపార్టుమెంట్‌లో చేరిపోయేరు 😀 అక్కా మా దగ్గర పాత ఫ్లెక్సీ ముక్కలు గట్టివి ఉన్నాయి, అట్ట కంటే బాగా నిలబడతాయి, ఆదివారం బస్సులో పంపిస్తా.

జువాలజీ మేష్టారు (రాజమండ్రి)

బొమ్మలు కత్తిరించే ముందు ఇవి చూసుకోమ్మా. తోక సన్నగా, కొస నలుపు, ఉడతలాగ గుబురు వద్దు. చారలు తోక మీద కాదు, వీపు వెనక భాగంలో అడ్డంగా. కళ్ళ చుట్టూ నల్ల పట్టీ తప్పనిసరి, ఎండ మిరుమిట్లు తగ్గించేది అదే. చెవులు చిన్నవి, తవ్వేటప్పుడు ఇసక పోకుండా మూసుకుంటాయి. ఒక్కో కాలికి నాలుగే వేళ్ళు, అయిదు వేసేరంటే అది మన ముంగిస అయిపోద్ది, ఆ బుడ్డోడు పట్టేసుకుంటాడు.